మంద్రస్థాయి: స్పాంజి ముక్క, పాత తీగ

పోయిన నెల ఇదే పేజీలో మాటవరసకి ఒక వాక్యం రాశాను, అరవైల నాటి ఇంగ్లీషు పాటల్లో బేస్ గిటార్ చెవికంటే ముందు పొట్టకి తగులుతుందని. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. సాలిగ్రామంలో మా మేడమీది గదిలో, పాఠానికి పిల్లలు రాకముందు, రెండు రోజులు కూర్చుని అన్నీ చదివాను. ఒకే ప్రశ్నని నాలుగైదు రకాలుగా అడిగినవాళ్ళే ఎక్కువ. వాటిలో కొన్ని ఏరాను. కీబోర్డు గురించీ వీణ మెట్ల గురించీ అడిగినవాళ్ళు ఈ నెలకి ఓర్చుకోవాలి.

కొత్తగా చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు: మాది నెల్లూరు. 1977లో మద్రాసు వచ్చాను. కోడంబాకం రికార్డింగ్ థియేటర్లలో, లైట్ మ్యూజిక్ ట్రూపుల్లో పాతికేళ్ళ పైగా బేస్ వాయించాను. నా పేరు మీరు ఏ క్యాసెట్ మీదా చూసి ఉండరు.

ప్రశ్న: మాస్టారూ, నాది గుంటూరు. షోళింగనల్లూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 1960ల్లో అమెరికాలోని మోటౌన్ కంపెనీ రికార్డుల్లో వినిపించే ఆ గుండ్రటి 'దుమ్' శబ్దం నాకు కావాలి. కొత్త బేస్ కొన్నాను. కంప్రెసర్ పెడల్, ప్రీయాంప్ పెడల్, పాత యాంప్లిఫయర్లని అనుకరించే సాఫ్ట్‌వేర్ కూడా కొన్నాను. మొత్తం అరవై వేలు దాటింది. ఇప్పటికీ 'జింగ్ జింగ్' అంటూనే ఉంది. ఇంకేం కొనాలి?
– కె.వి., షోళింగనల్లూరు

జవాబు: బాబూ, అరవై వేలు పెట్టాక కూడా ఇంకేం కొనాలి అని అడిగావు చూడు, దుకాణాలు బతుకుతున్నది నీలాంటివాళ్ళ వల్లే. కొనాల్సినవి రెండే. ఒక స్పాంజి ముక్క, ఒక సెట్టు ఫ్లాట్‌వౌండ్ తీగలు. స్పాంజితో మొదలుపెడదాం, అది మీ వంటింట్లోనే ఉంటుంది.

తంబురా బ్రిడ్జి, అంటే తీగలు ఆనే దిమ్మ, దాని మీద తీగ కింద నూలుపోగు పెట్టడం చూసే ఉంటావు. ఆ జీవాళి సరిగ్గా కుదిరిందంటే తీగ ఝుమ్మని చాలాసేపు పలుకుతూనే ఉంటుంది. నువ్వు అడుగుతున్న శబ్దం దీనికి సరిగ్గా తిరగేసిన వ్యవహారం. మీటగానే స్వరం బొద్దుగా పుట్టాలి, పుట్టినంత తొందరగా పోవాలి. నీ కొత్త బేస్ మీద లావు తీగ మీటితే పది పన్నెండు సెకన్లు మోగుతుంది. అంత ఆయుష్షు ఆ పాటల్లో ఏ స్వరానికీ లేదు.

పాత ఫెండర్ బేసుల్లో ఆ ఏర్పాటు కంపెనీ వాళ్ళే చేసి ఇచ్చేవాళ్ళు. బ్రిడ్జి మీద మెరిసే రేకు మూత ఉండేది, దాని లోపల స్పాంజి అతికించి ఉండేది. మూత బిగిస్తే స్పాంజి తీగలకి ఆనుతుంది. చాలామంది ఆ మూత ఊడదీసి సిగరెట్ బూడిద రాల్చుకోవడానికి వాడారట, అందుకే దానికి యాష్‌ట్రే అని పేరు పడింది. డెట్రాయిట్‌లో మోటౌన్ పాటలకి వాయించిన జేమ్స్ జేమర్సన్ మాత్రం మూత తియ్యలేదు. నీకు కావలసిన 'దుమ్'లో సగం ఆ మూత లోపల ఉంది.

ఇప్పుడు చాలా బేసులకి ఆ మూత రాదు. గిన్నెలు తోమే స్పాంజిలో ఆకుపచ్చ గరుకు పొర చింపి పారేసి, పసుపు భాగాన్ని బ్రిడ్జి అంత వెడల్పుకి కోసి, బ్రిడ్జికి ఆనించి తీగల కిందకి దూర్చు. అది కిందనుంచి తీగని తాకీ తాకనట్టు ఉండాలి. గట్టిగా నొక్కితే శ్రుతి కాస్త పైకి పోతుంది, 'దుమ్' పోయి 'టక్' మిగులుతుంది. నాలుగు తీగలూ ఒకేలా అణగవు. సన్న తీగ చిన్న స్పర్శకే మూగబోతుంది, లావు తీగకి ఇంకొంచెం ఒత్తిడి కావాలి. కాబట్టి ముక్కని కాస్త ఏటవాలుగా కొయ్యి. సరిగ్గా పడిందో లేదో చూడటానికి నా పద్ధతి ఒకటుంది. మామూలు నడకలో తకధిమి అను. 'త' మీద మీటిన స్వరం 'మి' దాటి వినిపించకూడదు. రెండో తకధిమిలోకి జారిందంటే స్పాంజి చాల్లేదు. 'క' దగ్గరే చచ్చిపోయిందంటే ఎక్కువైంది.

గిన్నెల స్పాంజి మన ఊరి ఎండకి ఏడాది తిరక్కుండా పిండి పిండి అయిపోతుంది. నేను జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కారు సీట్లు కుట్టే దుకాణంలో పారేసే ఫోమ్ ముక్కలు అడిగి తెచ్చుకుంటాను. పదేళ్ళ కింద తెచ్చిన సంచీ ఇంకా అవలేదు. ఈ కిటుకు నాకు చెప్పింది పెరంబూరులో ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దాయన. రైల్వే వాళ్ళ డ్యాన్సులకి బేస్ వాయించేవాడు. మొదటిసారి ఆయన గిటార్ కింద సబ్బునురుగు రంగు ముక్క చూసి, ఎలకలు కొట్టకుండా పెట్టుకున్నాడేమో అనుకున్నాను.

ఇక తీగలు. నీ బేస్‌కి వచ్చినవి రౌండ్‌వౌండ్. లోపలి తీగ చుట్టూ గుండ్రటి సన్న తీగ చుట్టి ఉంటుంది, వేలు జరిపితే స్క్రూ మరల మీద గీకినట్టు 'జర్'మంటుంది. ఫ్లాట్‌వౌండ్‌లో ఆ చుట్టేది చదునైన రిబ్బన్, వేలి కింద అద్దంలా ఉంటుంది. అరవైల్లో ఎలక్ట్రిక్ బేసులకి వేసినవి దాదాపు అన్నీ ఫ్లాట్‌వౌండ్లే. రౌండ్‌వౌండ్ల మెరుపు శబ్దం అరవైల మధ్యలో ఇంగ్లండులో, రోటోసౌండ్ కంపెనీ తీగలతో, ద హూ బృందంలో బేస్ వాయించిన జాన్ ఎంట్‌విసిల్ చేతుల్లో పైకొచ్చింది. అదీ గొప్ప శబ్దమే, నువ్వు అడిగింది మాత్రం అది కాదు. నీ సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని పాత యాంప్లిఫయర్లు ఉన్నా, వాటిలోకి వెళ్తున్నది రౌండ్‌వౌండ్ శబ్దం. నూనెలో పడ్డది ఏ పిండో బజ్జీ అదే అవుతుంది కదా.

ఆన్‌లైన్లో జేమర్సన్ సెట్టు అని 52 నుంచి 110 మందం (అంగుళంలో వెయ్యో వంతుల లెక్క) ఉన్నవి కనిపిస్తాయి. ఆయన వాడింది నిజంగానే అంత లావు తీగలు, లా బెల్లా కంపెనీవి. నువ్వు మొదటే వాటి జోలికి పోకు. అంత బిగువు తీగలకి మెడ వంగుతుంది, లోపలి రాడ్డు తిప్పి సరిచేయడం నీకు రాదు, నీ ఎడమచేతి చిటికెన వేలు ఏడుస్తుంది. 45 నుంచి 105 వరకూ ఉండే మామూలు ఫ్లాట్‌వౌండ్ సెట్టు చాలు. ఖరీదు ఎక్కువే. కానీ ఒకసారి కొంటే ఏళ్ళు వస్తాయి, పాతబడేకొద్దీ బాగుంటాయి. జేమర్సన్ తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదు. చెమట, మట్టి, చర్మపు జిడ్డు చుట్ల మధ్య పేరుకుని పై స్వరాలని మింగేస్తాయి, కింద గుండ్రటిది మిగులుతుంది.

దీని వెనక నా అవమానం ఒకటుంది. 1980ల మొదట్లో ఒక పాట రికార్డింగు. పెద్ద సంగీత దర్శకుడు, కొత్త థియేటర్. పద్ధతిగా ఉంటుందని ముందు రోజు రాత్రి బర్మా బజార్లో కొన్న కొత్త రౌండ్‌వౌండ్ తీగలు వేసుకుని వెళ్ళాను. రెండు ఆవర్తాలు వాయించానో లేదో, అద్దం వెనక నుంచి ఇంజనీరు మైకులో "ఎన్న సార్, ఇది బేసా సితారా?" అన్నాడు. నలభై మంది వయొలిన్లవాళ్ళు నవ్వారు. పాత తీగలు ఇంట్లో ఉన్నాయి, ఇల్లు పల్లావరంలో. టిఫిన్ విరామంలో అరటికాయ బజ్జీలు తిని, ఆ నూనె చేతులతోనే నాలుగు తీగల్నీ ఆ చివర నుంచి ఈ చివరకి రుద్దాను. మధ్యాహ్నం టేక్ ఓకే అయింది. ఇది సలహాగా చెప్పడం లేదు. తరవాత ఆ చెక్క వాసన వదిలించడానికి నాకు రెండు నెలలు పట్టింది.

చెయ్యి సంగతి కూడా చెప్పాలి. జేమర్సన్ కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే మీటేవాడు. ఆ వేలికి హుక్ అని పేరు. అంతకుముందు ఆయన నిలబడి వాయించే డబుల్ బేస్ మనిషి, ఆ అలవాటు ఇక్కడికీ వచ్చింది. ఒకే వేలు కాబట్టి ప్రతి దెబ్బా ఒకే బరువు, ఒకే కండ. నువ్వు రెండు వేళ్ళతో గబగబా వాయించడం నేర్చుకుని ఉంటావు. ఒక నెల రెండో వేలికి సెలవివ్వు. గోరు తగలనివ్వకు. బ్రిడ్జి దగ్గర కాకుండా, మెడ ముగిసే చోటికీ పికప్‌కీ (తీగ కదలికని కరెంటుగా మార్చే అయస్కాంతం ముక్క) మధ్యలో మీటు. టోన్ నాబ్ సగానికి తగ్గించు.

యాంప్లిఫయర్ గురించి బెంగ పెట్టుకోకు. మోటౌన్ స్టూడియో అంటే డెట్రాయిట్‌లో వెస్ట్ గ్రాండ్ బూలెవార్డ్ మీద ఒక మామూలు ఇల్లు, 1959లో కొన్నారు. వెనక గ్యారేజీని స్టూడియోగా మార్చారు. అక్కడ బేస్ వైరు తిన్నగా రికార్డింగ్ బల్లలోకే వెళ్ళేది, మధ్యలో యాంప్లిఫయర్ లేదు. నీ కంప్యూటర్ పక్కన రికార్డింగుకి పెట్టుకునే చిన్న డబ్బా (ఆడియో ఇంటర్‌ఫేస్) చేసే పనీ అదే. కంప్రెసర్ పెడల్ కొన్నావు కాబట్టి దాన్ని కొద్దిగా, అంటే శిఖరాలు మూడు నాలుగు డెసిబెల్స్ అణిగేంత, పెట్టుకో. ఈక్వలైజర్లో అడుగు స్వరాలు పెంచాలని చెయ్యి దురద పెడుతుంది. పెంచకు. మూడు వేల హెర్ట్‌జ్ పైన తగ్గించు, అంతే. రెండో పెడల్ ఎవరికైనా అమ్మెయ్యి.

ప్రశ్న: మా నాన్నగారు మౌంట్ రోడ్డులో కొన్న బీచ్ బాయ్స్ వారి 'పెట్ సౌండ్స్' రికార్డు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. దాంట్లో బేస్ మెత్తగానూ ఉంటుంది, చెక్క మీద వేలితో కొట్టినట్టు 'టొక్' అనీ వినిపిస్తుంది. రెండూ ఒకేసారి ఎలా? మీరు ఎప్పుడూ వేలితో వాయించమనే చెబుతారు, పిక్‌తో (తీగ మీటే చిన్న ప్లాస్టిక్ బిళ్ళ) వాయిస్తే అరవైల శబ్దం రాదా?
– ఒక పాఠకురాలు, అన్నానగర్

జవాబు: అమ్మా, మీ చెవికి దండం. చాలామంది సంగీతం పాఠాలు చెప్పేవాళ్ళకి కూడా ఆ 'టొక్' వినపడదు.

1966లో వచ్చిన ఆ రికార్డులో చాలా చోట్ల రెండు బేసులు ఒకేసారి మోగుతున్నాయి. ఒకరు డబుల్ బేస్, ఇంకొకరు ఎలక్ట్రిక్ బేస్. మెత్తదనం చెక్కపెట్టెది, టొక్‌మనే అంచు పిక్‌ది. ఆ పిక్ పట్టుకున్న చేతుల్లో ముఖ్యమైనవి కేరల్ కే అనే ఆవిడవి. ఆవిడ అసలు గిటారిస్టు. 1963లో లాస్ ఏంజలెస్‌లో కేపిటల్ రికార్డ్స్ వాళ్ళ రికార్డింగుకి బేస్ వాయించే మనిషి రాలేదు, ఆవిడ చేతికి బేస్ ఇచ్చారు. ఆ తరవాత ఆ ఊళ్ళో ఆవిడ వాయించని చోటు లేదన్నంత పని చేశారు. గిటార్ చెయ్యి కాబట్టి పిక్ వదల్లేదు. ఫెండర్ ప్రెసిషన్ బేస్, ఫ్లాట్‌వౌండ్ తీగలు, గట్టి పిక్. అణచడానికి ఆవిడ ఫెల్ట్ గుడ్డ మడతని బ్రిడ్జి దగ్గర తీగల పైన పెట్టేవారు. జేమర్సన్‌ది కూడా పై మూతలో ఉన్న స్పాంజే. కిందనుంచి దూర్చడం మన సౌకర్యం, ఫలితంలో తేడా తక్కువ.

కాబట్టి పిక్‌తో భేషుగ్గా వస్తుంది. నేను వేలితో వాయించమనేది పిల్లలకి. పిక్ ఇస్తే మొదటి రోజే రాక్ స్టార్లయిపోతారు, ఇంక లయ వినరు. మీరు మందపాటి పిక్ తీసుకోండి. సన్నది వంగి 'చిట్' అంటుంది. కొస కాకుండా పిక్ గుండ్రటి భుజంతో వాయించి చూడండి. మెడ వైపు వాయించండి, స్పాంజి ఉండనివ్వండి. స్పాంజి తీసేసి పిక్‌తో వాయిస్తే మాత్రం డెబ్బైల రాక్‌లోకి వెళ్ళిపోతారు.

రెండు బేసుల మాట కూడా మీ ఇంట్లోనే తేల్చుకోవచ్చు. నాష్‌విల్‌లో కంట్రీ పాటలకి ఇలాంటిదే ఒక పద్ధతి ఉండేది, టిక్-ట్యాక్ అనేవాళ్ళు. డబుల్ బేస్ వాయించిన వరసనే అణచిన ఆరుతీగల బేస్ మీద పిక్‌తో కలిపి వాయించడం. మనకి ఆ రకం ఆరుతీగల బేస్ అంత సులువుగా దొరకదు. మీ బేస్ వరసని ముందు బొటనవేలితో, స్పాంజి ఎక్కువ పెట్టి, మెత్తగా రికార్డు చెయ్యండి. తరవాత మామూలు గిటార్ లావు తీగల మీద అరచెయ్యి అంచు బ్రిడ్జి దగ్గర ఆనించి, అదే వరసని పిక్‌తో వాయించి, బాగా తక్కువ సౌండులో కలపండి. ఇది ఒక స్థాయి పైన ఉంటుంది, అసలు టిక్-ట్యాక్ అలా కాదు. అయినా కలిపి వింటే రెండో గిటార్ ఉందని ఎవరూ పట్టుకోలేరు. తీసేస్తే మాత్రం ఏదో పోయిందని తెలుస్తుంది. రెండు దెబ్బలూ సరిగ్గా ఒకేచోట పడాలి. అక్కడే అందరూ తన్నుకుంటారు.

ప్రశ్న: వయొలిన్ ఆకారం బేస్ కొంటే బీటిల్స్ టోన్ వస్తుందా? అన్నయ్య వస్తుందంటున్నాడు.
– ఎస్., పెరంబూరు

జవాబు: తొలి మూడు నాలుగేళ్ళ పాటలకైతే మీ అన్నయ్య మాట సగం నిజం. బీటిల్స్‌లో బేస్ వాయించిన పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో కొన్న హాఫ్నర్ 500/1 అది. లోపల బోలు, చాలా తేలిక. తీగ పొడవు 30 అంగుళాలే, ఫెండర్‌కి 34. పొట్టి తీగకి బిగువు తక్కువ, పైగా బోలు పెట్టె, అందుకే స్వరం కాస్త ఉబ్బినట్టు వచ్చి త్వరగా తగ్గిపోతుంది. ఆయనది ఎడమచేతి వాటం. రెండు వైపులా ఒకేలా ఉండే ఆ ఆకారం తిరగేసి పట్టుకున్నా వెర్రిగా కనిపించదని కొన్నాడట. ఆ 1961 బేస్ 1972లో దొంగలు ఎత్తుకుపోయారు. దొరికిందన్న కబురు 2024లో వచ్చింది! జేమర్సన్ 1962 నాటి ప్రెసిషన్ కూడా, ఫంక్ మెషీన్ అని పేరు పెట్టుకున్నది, ఆయన 1983లో పోయే ముందు చోరీ అయింది. అది మాత్రం ఇంకా ఎవరి అటక మీద ఉందో.

మీ అన్నయ్య చెప్పని సగం: 1965 తరవాత స్టూడియోలో మెకార్ట్నీ రికెన్‌బ్యాకర్ 4001ఎస్ ఎక్కువగా వాడాడు, దానితో శబ్దం మొత్తం మారిపోయింది. 1966లో 'పేపర్‌బ్యాక్ రైటర్' పాటకి బేస్ ఇంకా గట్టిగా కావాలని ఇంజనీరు జెఫ్ ఎమెరిక్ ఒక పని చేశాడు. బేస్ యాంప్లిఫయర్ స్పీకర్ ఎదురుగా ఇంకో పెద్ద స్పీకర్ పెట్టి, దాన్నే మైకుగా వాడాడు. స్పీకర్, మైకు లోపల ఒకటే పని, అయస్కాంతం మధ్య తీగచుట్ట కదలడం. కరెంటు పంపితే అట్ట కదిలి శబ్దం వస్తుంది, శబ్దం తగిలి అట్ట కదిలితే కరెంటు వస్తుంది. పెద్ద అట్ట పై స్థాయి సన్న శబ్దాలకి అంతగా కదలదు, మంద్రస్థాయి లావు శబ్దాలకే బాగా కదులుతుంది.

నేను రిచీ స్ట్రీట్‌లో పన్నెండు అంగుళాల పాత స్పీకర్ కొని, రెండు కొసలకి మైకు వైరు అతికించి చేసి చూశాను. ఫాంటమ్ పవర్ (రికార్డింగ్ బల్ల మైకుకి పంపే కరెంటు) ఆపి చెయ్యాలి. వచ్చిన శబ్దం ఒక్కటే వింటే దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుంది. మామూలు మైకుతో కలిపితే గోడ అవతల ఏనుగు నడిచినట్టు వచ్చింది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి స్టీలు డబ్బాలు అదురుతున్నాయంది. అది నాకు పెద్ద సర్టిఫికెట్టు.

ఇంతకీ కొనాలా? నీ చేతులు చిన్నవైతే, పొట్టి మెడ సుఖంగా ఉంటే, కొను. టోన్ కోసమే అయితే ఉన్న బేస్‌కి ఫ్లాట్‌వౌండ్ వేసి చూసి, అప్పుడు మాట్లాడు.

ప్రశ్న: మా బావగారు అమెరికా నుంచి 1960ల నాటి వాల్వ్ యాంప్లిఫయర్ తెచ్చి ఇచ్చారు. ప్లగ్గు మార్చి పెట్టుకోవచ్చా?
– ఆర్., తాంబరం

జవాబు: వద్దు! ప్లగ్గు మార్చడం కాదు సమస్య. అది 117 వోల్టులకి తయారైంది, మీ గోడలో 230 ఉంది. పెట్టిన క్షణంలో మీ బావగారి కానుక పొగైపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, యాంప్లిఫయర్ లాగే వాట్లకి రెండింతలైనా ఉండేది తీసుకోండి. ఆ కాలం వాటికి రెండు పిన్నుల ప్లగ్గే ఉంటుంది, ఎర్త్ ఉండదు. మూడు పిన్నుల వైరు వేయించకుండా దాని పక్కన గిటార్ పట్టుకుని నిలబడొద్దు. లోపలి కెపాసిటర్లు అరవై ఏళ్ళవి, ఎండిపోయి ఉంటాయి. స్విచ్ ఆపేశాక కూడా వాటిలో మనిషిని చంపేంత కరెంటు నిలవ ఉండవచ్చు. వెనక రేకు విప్పి చూద్దామని సరదా పడకండి. వాల్వ్ రేడియోలు బాగుచేసిన ముసలి మెకానిక్కులు ఇంకా ఒకరిద్దరు ఉంటారు, వెతికి వాళ్ళ చేత చేయించండి. అంతవరకూ దాని మీద పూలకుండీ పెట్టుకోండి.

ప్రశ్న: అదే 1960ల్లో మన మద్రాసులో రికార్డయిన తెలుగు సినిమా పాటల్లో బేస్ ఎందుకు అలా వినిపించదు? మనవాళ్ళకి తెలియకనా? ఇంకొకటి, ఆ ఇంగ్లీషు పాటలు ఫోన్లో విన్నా బేస్ తెలుస్తుంది. నేను వాయించి రికార్డు చేసింది ఫోన్లో అసలు వినపడదు.
– టి.ఎన్., టి.నగర్

జవాబు: మొదటి మాటకి నాకు కోపం వచ్చింది, ఉత్తరం పక్కన పెట్టి మళ్ళీ తీశాను. తెలియక కాదండీ. నేను చేరేటప్పటికే ఆ తరం వాళ్ళు తలలు నెరిసి ఉన్నారు. వాళ్ళ పక్కన కూర్చుని విన్నది చెబుతున్నాను. గాయకులు, కోరస్, ఆర్కెస్ట్రా మొత్తం ఒకే థియేటర్లో, కొద్ది మైకులతో, ఒకేసారి పాడి వాయించాలి. ఒకరు తప్పితే అందరూ మొదటినుంచి. అలాంటి చోట మాట అర్థం కావడం మొదటి ధర్మం. అడుగున డబుల్ బేస్ ఉండేది, ఆ పెద్ద పెట్టెని మైకుకి దూరంగా గోడ దగ్గర నిలబెట్టేవాళ్ళు. సినిమా ప్రింటు మీద శబ్దం కాంతి గీతలుగా ఉండేది, అటు మరీ లోతూ ఇటు మరీ మెరుపూ దాంట్లో పట్టవు. డెట్రాయిట్ వాళ్ళు పాట చేసింది కారు రేడియోకి, కుర్రకారు డ్యాన్సుకి. మనవాళ్ళు చేసింది టూరింగ్ టాకీస్‌లో నేల టిక్కెట్టువాడికి సాహిత్యం వినపడటానికి. ఎవరి పని వాళ్ళు చేశారు.

రెండో ప్రశ్నకి జవాబు మొదటిదాంట్లోనే ఉంది. బేస్ లావు తీగ ఊరికే మీటితే 41 హెర్ట్‌జ్. మీ ఫోన్ స్పీకర్ గోరంత ఉంటుంది, ఆ కదలిక దానివల్ల కాదు. కానీ అదే తీగలో 82, 123 అని పై స్వరాలు కూడా పుడతాయి, ఇంకా పైన చాలా ఉంటాయి. అవి వినపడితే కింద లేని 41ని చెవి తనే ఊహించుకుంటుంది. మోటౌన్ వాళ్ళు తమ మిక్సులని చిన్న కారు స్పీకర్ లాంటిదాంట్లో విని చూసేవాళ్ళు. అందులో నిలిచిన బేస్ మీ ఫోన్లోనూ నిలుస్తుంది. మీరు ఈక్వలైజర్లో అడుగు బాగా పెంచి ఉంటారు. అది ఫోన్లో పలకదు సరికదా, పలికే భాగానికి చోటు లేకుండా చేస్తుంది. 60 హెర్ట్‌జ్ దగ్గర తగ్గించి, 200 నుంచి 800 మధ్య కాస్త పెంచి, మళ్ళీ వినండి. పెద్ద స్పీకర్లో మొదట వికారంగా ఉంటుంది. డ్రమ్స్, కీబోర్డు కలిశాక వినండి, దాని చోటులో అది కూర్చుంటుంది.

ప్రశ్న: వేళచ్చేరిలో ఫ్లాట్‌లో ఉంటాం. కింది ఇంటివాళ్ళు బేస్ శబ్దానికి గొడవ పెడుతున్నారు.
– వి., వేళచ్చేరి

జవాబు: స్పాంజి పెట్టు. యాంప్లిఫయర్‌ని నేల మీద నుంచి తీసి కుర్చీ మీద పెట్టు. రాత్రి తొమ్మిది తరవాత హెడ్‌ఫోన్. అప్పటికీ గొడవ పెడితే సంక్రాంతికి అరిసెలు పంపించు.

ప్రశ్న: మాస్టారూ, మా తాతయ్య ట్రూపుల్లో బేస్ వాయించేవారట. ఆయన పెట్టెలో చుట్టి పెట్టిన పాత ఫ్లాట్‌వౌండ్ తీగలు దొరికాయి. నల్లగా ఉన్నాయి, కొసల్లో తుప్పు. వెనిగర్‌లో మరగబెడితే కొత్తవాటిలా అవుతాయని ఎవరో చెప్పారు. నిజమేనా?
– పి., క్రోంపేట

జవాబు: బాబూ, స్టవ్ ఆపు. మరగబెట్టేది రౌండ్‌వౌండ్ తీగల్లో జిడ్డు వదిలి మెరుపు తిరిగి రావడానికి. నీ తాతయ్య ఏళ్ళ తరబడి చెమటోడ్చి పోగొట్టింది ఆ మెరుపునే. పొడి నూలుగుడ్డతో తుడువు, అంతే. తుప్పు కొసల్లోనే ఉంటే పరవాలేదు, శ్రుతి చేసే మేకు చుట్టూ చుట్టే భాగం అది. వేలు ఆడే చోట గరుకు తగిలితే మాత్రం వెయ్యకు, వేలు కోసుకుంటుంది, ఫ్రెట్లు (మెడ మీది మెట్లు) అరుగుతాయి. ఒకసారి వంగిన చోట మళ్ళీ వంచితే తెగుతుంది. అందుకే చుట్టేటప్పుడు పాత వంపు ఎక్కడుందో చూసుకుని, అక్కడే మేకుకి వచ్చేలా వెయ్యి. నీ బేస్ పొడవు తాతయ్య బేస్ పొడవే అయితే కుదురుతుంది.

కుదరకపోయినా పారెయ్యకు. పత్రిక ఆఫీసుకి పంపితే నాకు చేరుతుంది. పోస్టు ఖర్చు నేనిస్తాను.